ఒంటరి శ్రోత

తిరునాళ్ళకు ఒంటరిగా వెళ్ళే మనిషిని మన సమాజం కొంత వింతగానే చూస్తుంది. గుడికి ఒంటరిగా వెళితే భక్తి అంటారు. గ్రంథాలయానికి ఒంటరిగా వెళితే విద్యాసక్తి అంటారు. పదిమంది చేరి ఆనందించే చోటికి ఒక్కడే బయలుదేరితే మాత్రం, "తోడెవరూ దొరకలేదా?" అని జాలిపడతారు. ఆనందమంటే పంచుకునేది అన్న భావన మన జీవితంలో అంతగా పాతుకుపోయింది. అందులో సత్యం లేకపోలేదు. అయితే కొన్ని ఆనందాలు తోడు లేనప్పుడే సంపూర్ణంగా చేతికి అందుతాయి. సంగీత శ్రవణం అటువంటిది. వేలాది మంది కేకల నడుమ సాగే రాక్ సంగీత సభలో సైతం ఈ మాట నిజమేనని స్వానుభవంతో తెలుసుకున్న ఒక తెలుగు యువకుని వృత్తాంతం ఇది.

ఆ యువకుని స్వగ్రామం తెనాలి సమీపంలోని ఒక చిన్న పల్లె. తండ్రి బియ్యపు మిల్లులో గుమాస్తా. 1998లో ఇంజనీరింగు కళాశాల వసతిగృహంలో చేరిన తరువాత, గదిలోని మిత్రుని క్యాసెట్ల ద్వారా అతనికి రాక్ సంగీతం పరిచయమయింది. ఎలక్ట్రిక్ గిటారు నాదం మొదట అతనికి కర్ణకఠోరంగానే తోచింది. వినగా వినగా ఆ హోరులో ఒక క్రమం, ఆ క్రమంలో ఒక ఆర్తి ఉన్నాయని గ్రహించాడు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఒక సాయంకాలం వసారాలో టేప్‌రికార్డరు పెట్టాడు. మిల్లు నుండి వచ్చిన తండ్రి గుమ్మంలో ఆగి, "ఏమిట్రా ఈ గోల?" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. మిల్లు రొదలో పగలంతా గడిపి వచ్చిన అలసట మాత్రమే ఉంది. కానీ కుమారునికి అది తీర్పులా వినిపించింది. నాటి నుండి అతడు ఇంట్లో ఉన్నంతసేపూ చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకునే విన్నాడు. ఆ తరువాత దాదాపు తొమ్మిదేళ్ళ పాటు తండ్రీకొడుకుల మధ్య సంగీతం ప్రస్తావనకు రాలేదు. "ఆరోగ్యం ఎలా ఉంది?", "డబ్బు అందిందా?" అన్న రెండు ప్రశ్నల మధ్యనే వారి సంభాషణ ముగిసేది.

చదువు ముగిసి అతడు హైదరాబాదులో ఉద్యోగంలో చేరాడు. వసతిగృహ మిత్రుడు కూడా అదే నగరంలో స్థిరపడ్డాడు. అంతలో ఒక శుభవార్త వచ్చింది. లండన్‌కు చెందిన ఐరన్ మెయిడెన్ బృందం 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ మైదానంలో ప్రదర్శన ఇవ్వబోతున్నది. 1975లో స్టీవ్ హారిస్ నెలకొల్పిన ఆ బృందం మన దేశంలో కచేరీ చేయడం అదే ప్రథమం. మిత్రులిద్దరూ టికెట్లు కొన్నారు. కాచిగూడ నుండి రాత్రి రైలుకు రెండు బెర్తులు తీసుకున్నారు. ప్రయాణం నాటి సాయంకాలం మిత్రుడు ఫోను చేశాడు.

"ఒరేయ్, ఏమీ అనుకోకు. రేపు వరల్డ్ కప్‌లో మనవాళ్ళ మొదటి మ్యాచ్ రా. బంగ్లాదేశ్ మీద మనవాళ్ళు ఎన్ని పరుగులు కొడతారో చూడాలి. పాటలు క్యాసెట్‌లో ఎప్పుడైనా వినవచ్చు కదా!"

ఆ మ్యాచ్ ఫలితం లోక విదితమే. భారత జట్టు 191 పరుగులకే ఆలౌటై, అయిదు వికెట్ల తేడాతో ఓడిపోయింది. ఆ సంగతి మరునాటిది. ఆ సాయంకాలం మాత్రం మన యువకుడు రెండు టికెట్లనూ చేతిలో పట్టుకొని చాలాసేపు కూర్చుండిపోయాడు. ఒంటరిగా వెళ్ళడమా, మానడమా అన్నదే అతని సందిగ్ధం. టికెట్టు వెల కన్నా, "ఒక్కడివే వెళ్ళావా?" అన్న ప్రశ్నే అతన్ని ఎక్కువగా వేధించింది. చివరకు రైలు వేళకు అరగంట ముందు సంచీ భుజాన వేసుకొని బయలుదేరాడు. కర్నూలు దాటేవరకు అతనికి నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి ధర్మవరం, హిందూపురం దాటి రైలు కర్ణాటకలో ప్రవేశించింది. ఎదుటి బెర్తు రాత్రంతా ఖాళీగానే ఉంది.

మైదానం ద్వారం వద్ద యువకులు గుంపులు గుంపులుగా నిలిచి ఉన్నారు. అందరివీ నల్లని చొక్కాలే. చెన్నై నుండి, ముంబయి నుండి, ఈశాన్య రాష్ట్రాల నుండి వచ్చినవారు వారి మాటలను బట్టి తెలుస్తూనే ఉన్నారు. టికెట్టు దొరకక గోడ పక్కన దిగాలుగా నిలబడిన ఒక విద్యార్థికి అతడు రెండవ టికెట్టు ఇచ్చాడు. ఆ కుర్రవాడు నమ్మలేనట్లు చూసి, కృతజ్ఞత కూడా సగమే చెప్పి, జనంలోకి పరుగెత్తాడు. అతడు మళ్ళీ ఒంటరివాడయ్యాడు.

ఒంటరిగా సభకు వెళ్ళేవారికి అత్యంత కఠినమైన ఘడియ ప్రదర్శన ప్రారంభానికి ముందు వచ్చేది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. చూపు ఎక్కడ నిలపాలో తెలియదు. అతడు మాటిమాటికీ గడియారం చూసుకున్నాడు. ఫోను తీసి, పాత సందేశాలనే మళ్ళీ చదివాడు. ద్వారం వైపు తల తిప్పి, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్లు నటించాడు. తన చుట్టూ ఉన్నవారందరూ తన ఒంటరితనాన్నే గమనిస్తున్నారని అతని భయం. నిజానికి ఒక్కరూ అతని వైపు చూడలేదు. మొదట ఢిల్లీకి చెందిన పరిక్రమ బృందం పాడింది. చీకటి పడింది. వేదిక మీద దీపాలు వెలిగిన మరుక్షణం వేల ముఖాలు ఒకే వైపు తిరిగాయి. ఇక అక్కడ ఎవరు ఎవరితో వచ్చారన్న ప్రశ్నకు తావే లేకపోయింది.

మొదటి రెండు పాటలు ముగిసేసరికి అతనికి ఒక వింత విషయం అవగతమయింది. ఏళ్ళ తరబడి విన్న పాటలలో తాను ఏనాడూ బేస్ గిటారును వినలేదు! హారిస్ వేళ్ళు గుర్రపు డెక్కల చప్పుడు వలె పలికించే ఆ మంద్రనాదం చెవిని చేరక ముందే గుండెను తాకుతున్నది. చిన్న క్యాసెట్ యంత్రంలో అది వినిపించకపోవడం ఒక కారణం. మిత్రునితో కలిసి వినడం మరొక కారణం. ఇద్దరూ కలిసి వింటున్నప్పుడు అతని మనస్సులో సగం మిత్రుని ముఖం మీదే ఉండేది. వాడికి నచ్చిందా లేదా? వాడు తల ఊపితే తానూ ఊపేవాడు. వాడు పెదవి విరిస్తే తన ఇష్టాన్ని కొంత తగ్గించుకునేవాడు. పాట నడుస్తుండగానే దాని గురించి మాట్లాడేవాడు. ఈనాడు మాట్లాడడానికి ఎవరూ లేరు. మెప్పించవలసినవారు లేరు. మిగిలింది వినడమొక్కటే.

కళను ఆస్వాదించే మనస్సు గురించి మన ఆలంకారికులు సూక్ష్మంగా విచారించారు. నాట్యశాస్త్రానికి 'అభినవభారతి' అనే వ్యాఖ్య రచించిన కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు రసానుభవానికి ఏడు విఘ్నాలను పేర్కొన్నాడు. ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలకు వశుడై ఉండడం వాటిలో ఒకటి. ఇంటి బెంగ, ఒంటి బాధ, పక్కవాని పట్ల మొహమాటం మనస్సును ఆక్రమించినప్పుడు కళ లోపలికి ప్రవేశించలేదు. ఆ విఘ్నానికి విరుగుడుగా వాద్యాలు, గానం, చిత్రవిచిత్రంగా అలంకరించిన రంగస్థలం ఉపకరిస్తాయని ఆయన అన్నాడు. వెయ్యేళ్ళ నాటి ఆ మాట ప్యాలెస్ మైదానంలోని రంగుల దీపాలకు, ఎత్తయిన వేదికకు, మూడు గిటార్ల మోతకు కూడా వర్తిస్తుంది. ఆ ఆర్భాటం వట్టి హంగు కాదు. మనిషిని అతని చింతల నుండి కాసేపు ఇవతలకు లాగే సాధనం.

వినడానికి వచ్చినవారందరూ వింటారని కూడా చెప్పలేము. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ బృందం పాడినప్పుడు 55 వేల మందికి పైగా హాజరయ్యారు. ఆ జనం కేకలలో పాట మునిగిపోయింది. నాటి ఆంప్లిఫయర్లకు అంతటి ఘోషను అధిగమించే శక్తి లేదు. తాము ఏమి వాయిస్తున్నదీ గాయకులకే సరిగా వినిపించలేదు. ఆ మరుసటి సంవత్సరమే వారు పర్యటనలు మానుకున్నారు. 1971 ఆగస్టు 1న అదే నగరంలో బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థం జార్జ్ హారిసన్, పండిట్ రవిశంకర్ నిర్వహించిన సభలో మరొక చిత్రం జరిగింది. సితారు, సరోదు శ్రుతి చేసుకుంటుంటే అదే కచేరీ అనుకొని జనం చప్పట్లు కొట్టారు. శ్రుతి చేయడమే ఇంతగా నచ్చితే, అసలు వాదనం ఇంకా బాగా నచ్చుతుందని ఆశిస్తున్నానని రవిశంకర్ చమత్కరించారు. సభలో ఉండడం వేరు, సభను వినడం వేరు. తోడు లేకుండా వచ్చినవానికి ఆ రెండవది కొంత సులభం.

రాత్రి పొద్దుపోయాక బృందం 1992 నాటి 'ఫియర్ ఆఫ్ ది డార్క్' పాటను ఎత్తుకున్నది. చీకటిలో ఒంటరిగా నడిచే మనిషికి వెనుక ఎవరో వస్తున్నారన్న భయం కలగడమే ఆ పాట ఇతివృత్తం. గిటారు మెల్లగా పలికించిన తొలి స్వరాలను జనం గొంతులతో అందుకున్నారు. పదాలు లేవు. కేవలం రాగం. ముందువరుస నుండి చివరివరుస దాకా అది అలవలె పాకింది. తన గొంతు కూడా అందులో కలిసి ఉన్నదని అతనికి కొంతసేపటికి గాని తెలియలేదు. ఒంటరి నడకకు భయపడే మనిషి పాటను వేలమంది ఒక్క గొంతుతో పాడుతున్నారు! అందులోని వైచిత్రికి అతనికి నవ్వు వచ్చింది. మరుక్షణమే, ఎందుకో, తండ్రి జ్ఞాపకం వచ్చాడు.

తండ్రి యౌవనం గురించి నాయనమ్మ చెప్పిన ముచ్చట ఒకటి ఉన్నది. 1960ల నాటి మాట. చుట్టుపక్కల ఊళ్ళలో ఎక్కడ పద్యనాటకం ఆడుతున్నారని తెలిసినా ఆయన లాంతరు పట్టుకొని బయలుదేరేవాడట. పంటకాలువ గట్టు వెంట మూడు మైళ్ళు, నాలుగు మైళ్ళు. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క వరిచేలు, ఎదుట చీకటి. "ఎవరినైనా తోడు తీసుకొని వెళ్ళరా" అని నాయనమ్మ బతిమాలితే, "తోడు వచ్చినవాడికి నిద్ర వస్తే మనమూ లేచి రావాలి కదమ్మా!" అనేవాడట. తెల్లవారుజామున రాయబారం సీను ముగిసిన తరువాతనే లాంతరు వెనుదిరిగేది. ఆ మాటలోని రహస్యం బెంగళూరు మైదానంలో, జనసమూహం నడుమ, కుమారునికి తొలిసారిగా బోధపడింది.

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. ఏకాంతమే కావలసినప్పుడు ఇంట్లోనే తలుపులు మూసుకొని వినవచ్చును కదా! వందల కిలోమీటర్లు ప్రయాణించి వేలమంది నడుమ నిలబడడం దేనికి? దీనికి కూడా అభినవగుప్తుడే సమాధానం సూచించాడు. సభలోని సామాజికులందరూ ఒకే అనుభవంలో ఏకమైనప్పుడు రసం మరింతగా పుష్టి పొందుతుందని ఆయన అభిప్రాయం. గదిలో విన్న పాట చెవికి చేరుతుంది. సభలో విన్న పాటకు పక్కవారి ఊపిరి తోడవుతుంది. నలుగురు మిత్రులతో వచ్చినవాడు ఆ నలుగురి వలయంలోనే ఉండిపోవచ్చు. ఒంటరిగా వచ్చినవానికి వలయం లేదు కనుక అతడు సభ అంతటిలోనూ కలుస్తాడు. అతడు వెంట తెచ్చుకున్నది ఏకాంతం. అక్కడ పొందినది అపరిచితుల సాంగత్యం. పేరు అడగకుండానే ఒకరు అతనికి నీళ్ళ సీసా అందించారు. జనం ఒత్తిడిలో కాలు జారిన ఒక యువకుని నాలుగు వైపుల నుండి నాలుగు చేతులు ఒక్క క్షణంలో పైకి లేపాయి. ఆ చేతులలో ఒకటి అతనిదే.

కొద్ది రోజులకే సర్వజిత్తు నామ సంవత్సర ఉగాది వచ్చింది. అతడు ఇంటికి వెళ్ళాడు. కుమారుని గొంతు బొంగురుపోయి ఉండడం తల్లి గమనించి, మిరియాల కషాయం కాచి ఇచ్చింది. తండ్రి పడక కుర్చీలో నుండి తల ఎత్తాడు.

"గొంతు ఏమయిందిరా?"

"బెంగళూరు వెళ్ళాను నాన్నా. పాటకచేరీకి. అక్కడ... అరిచాము."

"ఎవరెవరు వెళ్ళారు?"

అతడు క్షణకాలం తటపటాయించాడు. "ఒక్కణ్ణే" అన్నాడు.

తండ్రి కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. "ఏమిట్రా ఈ గోల?" అన్న పాత మాట మళ్ళీ వినవలసి వస్తుందని కుమారుడు సిద్ధపడ్డాడు. కానీ ఆయన కుర్చీలో ముందుకు వంగి, గొంతు తగ్గించి, ఒక రహస్యం అడిగినట్లు అడిగాడు:

"వన్స్‌మోర్‌లు పడ్డాయా?"

"పడ్డాయి నాన్నా. వెళ్ళిపోయినవాళ్ళను మళ్ళీ పిలిచి మూడు పాటలు పాడించారు."

"మూడే?" అన్నాడు తండ్రి చిరునవ్వుతో. ఆ రాత్రి భోజనాల తరువాత వసారాలో ఆయన చెప్పిన కబుర్లు అర్ధరాత్రి దాటినా ముగియలేదు. పీసపాటి నరసింహమూర్తి శ్రీకృష్ణునిగా పద్యం ఎత్తుకుంటే రాగం ఎక్కడికి వెళ్ళి ఎలా దిగి వచ్చేదో చేతితో గాలిలో గీసి చూపించాడు. నచ్చిన పద్యాన్ని జనం మూడు సార్లు, నాలుగు సార్లు పాడించుకునేవారని, ఆ వన్స్‌మోర్‌ల వలన రాయబారం తెల్లవారేదాకా సాగేదని చెప్పాడు. పాశ్చాత్యుల సభలలో బృందం వేదిక దిగి వెళ్ళిపోయిన తరువాత జనం పిలుపు మీద తిరిగి వచ్చి కొత్త పాటలు పాడుతుంది. మన నాటకాలలో పాడిన పద్యాన్నే మళ్ళీ పాడించేవారు. పద్ధతులు వేరైనా ఇంకా వినాలన్న దాహం ఒక్కటే. తొమ్మిదేళ్ళుగా తమ మధ్య మాట కరువయింది గాని, విషయం కరువు కాలేదని కుమారునికి ఆ రాత్రి తెలిసింది.

తరువాత 2011 అక్టోబరు 30న అదే మైదానంలో అమెరికాకు చెందిన మెటాలికా బృందం పాడింది. ఈసారి మిత్రుడు వస్తానన్నా, అతడు సున్నితంగా తోసిపుచ్చి ఒక్కడే వెళ్ళాడు. అప్పటికి అతనికి ఒంటరి శ్రోతకు కావలసిన మెలకువలు కొన్ని పట్టుబడ్డాయి. వేదికకు అతి సమీపంలో ఉత్సాహం ఎక్కువ, స్పష్టత తక్కువ. మైదానం మధ్యలో, సాంకేతిక నిపుణులు ధ్వనులను కలిపి సరిచూసే మిక్సింగు బల్ల ఉంటుంది. ఆ నిపుణులు తమ చెవికి వినిపించే దానిని బట్టే హెచ్చుతగ్గులు సవరిస్తారు కనుక, దాని దరిదాపుల్లో నిలిచినవారికి సంగీతం సమతూకంగా వినిపిస్తుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. నూరు మీటర్ల దూరంలో ఉన్న శ్రోతకు డ్రమ్ముపై దెబ్బ పడడం కనిపించిన సెకనులో దాదాపు మూడవ వంతు తరువాత గాని దాని ధ్వని చేరదు. అందుకే పెద్ద మైదానాలలో వెనుకవైపు నిలిపే స్పీకర్ల నుండి ధ్వనిని ఆ మేరకు ఆలస్యం చేసి వదులుతారు. ఒంటరిగా ఉన్నప్పుడే ఇటువంటి విషయాలు గమనించే తీరిక కలుగుతుంది.

ఆ ఏడు ఇంటికి వెళ్ళేసరికి తండ్రికి వినికిడి బాగా తగ్గిపోయి ఉంది. మిల్లు రొదలో గడిచిన ముప్ఫై అయిదేళ్ళు ఆయన చెవులను కొంచెం కొంచెంగా హరించాయి. అయినా ఆ ప్రశ్న మానలేదు. "వన్స్‌మోర్‌లు పడ్డాయా?" కుమారుడు గొంతు పెంచి చెప్పాడు. తండ్రి పెదవుల కదలికను చూసి అర్థం చేసుకున్నాడు. తరువాత నెమ్మదిగా అన్నాడు: "చెవులు జాగ్రత్త రా అబ్బాయీ. మిల్లులో నాకెవరూ చెప్పలేదు. నీకు నేను చెబుతున్నాను."

అది తండ్రి ప్రేమ మాత్రమే కాదు, శాస్త్రం కూడా. పెద్ద ధ్వని చెవిలోని సున్నితమైన రోమకణాలను దెబ్బతీస్తుంది. ఒకసారి నశించిన ఆ కణాలు మనిషిలో తిరిగి పుట్టవు. వినోద సభలలో ధ్వని తీవ్రత సగటున 100 డెసిబెళ్ళకు మించరాదని, శ్రోతలకు చెవిబిరడాలు అందుబాటులో ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. ఆ సూచనకు పదకొండేళ్ళ ముందు నుండే మన శ్రోత చెవిబిరడాలు ధరిస్తున్నాడు. వాటి వలన సంగీతం దూరం కాదు. పదును కొంత తగ్గి, ఏ వాద్యానికి ఆ వాద్యం విడివిడిగా తెలుస్తుంది.

జనసమూహానికి మరొక ముఖం కూడా ఉన్నదని మరువరాదు. 2000 జూన్ 30న డెన్మార్క్‌లోని రోస్కిల్డె సంగీతోత్సవంలో, జనం వేదిక వైపు తోసుకొని రావడంతో తొమ్మిది మంది యువకులు నలిగి మరణించారు. ఒంటరిగా వెళ్ళేవారు తమ క్షేమాన్ని తామే చూసుకోవాలి. బయటకు వెళ్ళే దారి ఎటున్నదో ముందే గుర్తించాలి. ఊపిరి సలపనంత ఒత్తిడి కలిగితే పాట మధ్యలోనైనా పక్కకు తొలగాలి. ఒక యువతి ఒంటరిగా వెళ్ళదలచుకుంటే ఆమెకు ఇంటి వద్ద, దారిలో, మైదానంలో ఎదురయ్యే ప్రశ్నలు ఇంకా ఎక్కువ. అర్ధరాత్రి తిరుగు ప్రయాణం యువకునికి సాహసం. ఆమెకు అది లెక్కలు వేసుకోవలసిన విషయం. ఏకాంతపు ఆనందం అందరికీ సమానంగా అందనంత కాలం అది సమాజానికి లోటే.

ఒంటరితనానికి ఒక మూల్యం ఉన్నదని కూడా అతడు అంగీకరిస్తాడు. పాట ముగిసిన మరుక్షణం, "చూశావా, ఎంత బాగా వాయించాడో!" అని చెప్పడానికి పక్కన ఎవరూ ఉండరు. తిరుగు రైలులో మనస్సు పొంగిపోతూ ఉంటుంది. ఎదుటి ప్రయాణికుడు నిద్రపోతూ ఉంటాడు. వినడానికి తోడు అక్కరలేదు గాని, విన్నది చెప్పుకోవడానికి ఒకరు కావాలి. ఎన్నో ఏళ్ళు అతనికి ఆ ఒకరు తండ్రే అయినాడు. ఆ సంగీతంలో ఒక్క స్వరమైనా ఆయన విన్నది లేదు. వినగలిగిన రోజులలో వినలేదు. వినాలనుకున్న రోజులకు చెవులు సహకరించలేదు. అయినా కుమారుడు చెప్పినంతసేపూ ఆయన తల ఊపుతూ, తొడ మీద వేళ్ళతో తాళం వేస్తూ ఉండేవాడు. 2016లో ఆయన కన్నుమూశాడు.

2025 జనవరి 26న అహ్మదాబాదులోని నరేంద్ర మోదీ స్టేడియంలో బ్రిటన్‌కు చెందిన కోల్డ్‌ప్లే బృందం పాడినప్పుడు, లక్షకు పైగా చేరిన ఆ జనంలో అతడు కూడా ఉన్నాడు. అప్పటికి అతని జుట్టులో నెరుపు కనిపిస్తున్నది. శ్రోతలందరి ముంజేతులకూ వెలిగే పట్టీలు ఉన్నాయి. పాటను అనుసరించి అవన్నీ ఒక్కసారిగా ఎర్రగా, ఒక్కసారిగా పచ్చగా మారడం ఆ బృందపు సభలలోని విశేషం. సభ ప్రారంభం కావడానికి ఇంకా సమయం ఉన్నది. అతనికి కొద్ది దూరంలో ఇరవై ఏళ్ళ కుర్రవాడొకడు నిలబడి ఉన్నాడు. మాటిమాటికీ ఫోను చూసుకుంటున్నాడు. ద్వారం వైపు తల తిప్పి ఎవరి కోసమో వెదుకుతున్నట్లు చూస్తున్నాడు. ఎవరూ రారని, రావలసినవారు ఎవరూ లేరని మన శ్రోతకు అర్థమయింది. ఆ నటన అతనికి కొత్త కాదు.

"ఒక్కడివేనా?" అని అతడు అడగలేదు. తన పక్కన కాస్త చోటు చేసి, "ఇటు రండి, ఇక్కడ బాగా వినిపిస్తుంది" అని మాత్రం హిందీలో అన్నాడు. కుర్రవాడు వచ్చి నిలబడ్డాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆ తరువాత రెండు గంటల పాటు వారిద్దరూ ఒకరితో ఒకరు ఒక్క మాటైనా మాట్లాడలేదు. సభ ముగిసిన తరువాత ఎవరి దారిన వారు వెళ్ళిపోయారు.

జనప్రవాహంతో పాటు అతడు మెల్లగా బయటకు నడిచాడు. వీధి దీపాల వరుస దాటిన తరువాత కొంత దూరం చీకటి. ఆ చీకటిలో, అలవాటు చొప్పున, ఎవరో అడిగినట్లుగా, తనలో తాను అనుకున్నాడు: "పడ్డాయి నాన్నా."